గంట మ్రోగినప్పుడు

ధ్యానమునకు: మత్తయి 5:23-24, 6:5-15, అపొస్తలుల కార్యములు 3:1



మన సంఘములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. "ఆర్.సి.ఎం. వారి మఠములో గంట కొట్టగానే సిస్టర్లు లేచి గుడిలోనికి పోవుదురు, పుస్తకము తెరచి చదువుదురు, మూసి మరల పనికి పోవుదురు. అది ప్రార్థనయా, చిలుక పలుకా?" ఈ మాట అనువారందరు చెడు మనస్సుతో అనుటలేదు. ప్రార్థన హృదయములోనుండి పుట్టవలెనని, పరిశుద్ధాత్మ ప్రేరేపింపగా రావలెనని తాతల నాటినుండి మనకు నేర్పబడియున్నది. కన్నీరు లేని ప్రార్థన మనవారికి ప్రార్థనవలె తోచదు. మొన్న ఉపవాస కూటము ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు నన్ను తిన్నగా అడిగెను: "అయ్యగారూ, మనసు రానప్పుడు కూడ వేళ అయినదని ప్రార్థించుట వేషధారణ కాదా?" అతడు తన తల్లికి ఆపరేషను జరుగగా సిస్టర్ల దవాఖానాలో వారము దినములుండి వచ్చినవాడు. కన్నులార చూచి వచ్చి అడిగిన ప్రశ్న గనుక దానిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

మొదటనే ఒక సంగతి చెప్పి ప్రక్కన పెట్టుదును. మరియమ్మను, పరిశుద్ధులను వేడుకొను విషయములో వారికిని మనకును భేదము కలదు. మధ్యవర్తి ఒక్కడే అను 1 తిమోతి 2:5 మీద మనము నిలిచియున్నాము. ఆ భేదమును నేను చెరుపబోను, దానిని గూర్చి వాదించుటకును ఇక్కడ కూర్చుండలేదు. కలిసి బ్రతుకుటకు ప్రమాణము చేసినవారి మధ్య ప్రార్థన ఏమి పని చేయుచున్నది అనునదే నేను చూడగోరునది. అది తెలిసినయెడల ఆ యౌవనస్థుని ప్రశ్నకు జవాబు దొరకునని నా నమ్మకము.

ఈ మఠములు మన దేశమునకు నిన్న మొన్న వచ్చినవి కావు. 1871లో ఇటలీ దేశపు ట్యూరిను పట్టణమునుండి సెయింట్ ఆన్స్ సిస్టర్లు సికింద్రాబాదునకు వచ్చి బడి పెట్టిరి. 1904లో హాలెండు దేశమునుండి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు చేరిరి. 1952లో వరంగల్లు, 1976లో నల్గొండ వేరు మేత్రాసనములాయెను. మన వైపు చూచిన, 1890 ప్రాంతమున రష్యా దేశపు మెన్నొనైటు మిషనరీ అబ్రహాము ఫ్రీజెన్ దొరగారు నల్గొండలో కాపురముండి పని ఆరంభించిరి. తరువాత అమెరికా మెన్నొనైట్ బ్రదరన్ వారు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల మొదలైన చోట్ల నిలిచిరి. ఇట్లు ఒకే మెట్టభూమిలో, ఒకే ఆముదపు చేలగట్లమీద ఇరువురి బిడ్డలును పెరిగిరి. పెండ్లిండ్లలో కలిసి భోజనము చేయుదుము. అయినను వారి గోడలోపల ఏమి జరుగునో మనకు తెలియదు, మన గోడలోపల ఏమి జరుగునో వారికి తెలియదు.

మఠమనగా మన పల్లెల ప్రక్కన చాల చోట్ల పెద్ద మేడ కాదు. నలుగురైదుగురు సిస్టర్లుండు ఇల్లు, దానిలో ఒక చిన్న ప్రార్థన గది. ఒకామె కేరళనుండి, ఒకామె గుంటూరునుండి, ఒకామె ఛోటానాగపూరునుండి వచ్చియుండవచ్చును. పై అధికారిణి పంపగా పెట్టె సర్దుకొని వచ్చినవారే గాని ఒకరినొకరు కోరుకొని వచ్చినవారు కారు. రక్తసంబంధము లేదు. ఒకామెకు కారము పడదు, ఒకామె రాత్రి దీపము ఆర్పనియ్యదు, ఒకామె ముసలిది, చెప్పినదే చెప్పును. పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత అను మూడు ప్రమాణములు చేసి, జీతము డబ్బు ఒకే పెట్టెలో వేసి, చచ్చువరకు ఇట్టివారితోనే ఉండవలెను. ఇల్లు విడిచి పుట్టింటికి అలిగి పోవుటకు వల్లపడదు.

తెల్లవారుజామున లేచి కొంతసేపు మౌనముగా ధ్యానము చేయుదురు. తరువాత కీర్తనలతో ఉదయ ప్రార్థన, ఫాదరు ఉన్నచోట పూజ. పగలంతయు బడి, దవాఖానా, పల్లెల తిరుగుడు. సాయంకాలము మరల కీర్తనలు, జపమాల. పండుకొనబోవు ముందు ఆ దినమంతటిని దేవుని యెదుట తలచుకొని తప్పు ఒప్పుకొందురు. ఏ సభకు చెందిన సిస్టర్లు అనుదానినిబట్టి వేళలును వరుసయు మారును. పూర్వము అనేక మఠములలో ఇది లాటిను భాషలో జరిగెడిది. 1963లో రెండవ వాటికన్ మహాసభ మాతృభాషకు తలుపు తెరచిన తరువాత మన ప్రాంతములో తెలుగులోను ఇంగ్లీషులోను చదువుచున్నారు. వారు చదువు ఆ కీర్తనలు వేరు గ్రంథములోనివి కావు. మన చంకలోనున్న బైబిలులోనివే.

చెప్పిన మాటనే చెప్పుట వ్యర్థమా? మత్తయి 6:7లో ప్రభువు ఖండించినది దేనినో చూడుడి. విస్తరించి పలికినందున దేవుడు వినునని తలంచుటను ఆయన ఖండించెను. మాటలను లెక్కపెట్టి దేవునికి అమ్మబోవు మనస్సును ఖండించెను. అంతేగాని ఒకే మాటను రెండవసారి పలుకుటను కాదు. గెత్సేమనేలో ఆయన తానే మూడుసార్లు వెళ్లి అవే మాటలతో ప్రార్థించెనని మత్తయి 26:44 చెప్పుచున్నది. 136వ కీర్తనలో దేవుని కృపను గూర్చిన ఒకే పల్లవి 26 వచనములలోను వచ్చును. ఇంక మన సంగతి. పుస్తకము లేకుండ ప్రార్థించుచున్నామని మనము చెప్పుకొందుము గాని, మా సంఘపెద్ద ఒకరు ఆదివారము ప్రార్థనకు లేచినప్పుడు తరువాతి మాట ఏదో చిన్నపిల్లలు కూడ ముందుగా చెప్పగలరు. ఆయన ప్రార్థన దేవుడు వినుటలేదని నేననను. పుస్తకము ఆయన కడుపులో ఉన్నది, అంతే.

కాబట్టి కంఠస్థము కాదు అసలు చిక్కు. అసలు చిక్కు వేళ. మనసు ఉన్నను లేకున్నను, గంట మ్రోగెను గనుక పోవలెను అనునదే మనవారికి మింగుడుపడనిది.

దాదాపు 1500 సంవత్సరముల క్రిందట ఇటలీ దేశములో బెనెడిక్టు అను సన్యాసి మఠములో నివసించువారి కొరకు ఒక చిన్న నియమావళి వ్రాసెను. అందులో 73 అధ్యాయములు కలవు. మన ప్రాంతపు సిస్టర్లలో చాలమంది ఆయన సభకు చెందినవారు కారు. అయినను కతోలిక మఠజీవనములో వేళకు ప్రార్థించు అలవాటు ఎంతో కొంత ఆ పుస్తకపు నీడలో పెరిగినది. నేను దానిని చదివినప్పుడు నన్ను ఆశ్చర్యపరచినది అందులోని పరలోకపు మాటలు కావు. మనుష్యులనుగూర్చి ఆయనకున్న ఎరుక. గంట వినబడగానే చేతిలోనున్న పని ఏదైనను అక్కడనే విడిచి రావలెనని 43వ అధ్యాయము చెప్పుచున్నది. సగము కుట్టిన బట్ట, సగము త్రవ్విన గుంట, అట్లే ఉండవలెను. దేవుని పనికంటె దేనిని ముందు పెట్టకూడదు. ఆలస్యముగా వచ్చినవానిని ఏమి చేయవలెను? బయట నిలువనియ్యవద్దు, లోపలికే రానిచ్చి అందరికి కనబడునట్లు చివర నిలువబెట్టుడి అనును. ఏమనగా, బయట ఉంచినయెడల వాడు పోయి మరల పండుకొనును, లేదా గోడకు ఆనుకొని ముచ్చట్లు పెట్టును. ఈ మాట చదివి నేను నవ్వితిని. మన గుడి ముందరి వేపచెట్టు క్రింద ఆదివారము ఉదయము కూర్చుండువారిని ఆయన చూచి వ్రాసెనేమో! రాత్రి ప్రార్థనకు లేచునప్పుడు ఒకరినొకరు మెల్లగా ప్రోత్సహించుకొనవలెను, నిద్రమత్తులోనున్నవారు సాకులు వెదకుదురు గనుక, అని 22వ అధ్యాయములో ఉన్నది.

ఇట్లు వ్రాసినవాడు, ప్రతి దినము ప్రతివాని మనసు ప్రార్థనకు ఉప్పొంగునని నమ్మినవాడు కాడు. ఉప్పొంగదని తెలిసే గంట కట్టెను. మనము అనుకొనునట్లు గంట భక్తిగలవారి గర్వము కాదు, భక్తి చల్లారుననెడి ఒప్పుకోలు. నాకు మనసున్నప్పుడు ప్రార్థింతును అనువాడు తన మనసును ఎక్కువగా నమ్మినవాడు. మన రైతునే చూడుడి. బోరులో నీరున్నను కరెంటు వచ్చు వేళ నడిరాత్రి అయినప్పుడు, "ఇప్పుడు నాకు మనసు లేదు" అని చేను ఎండనిచ్చునా? లేచి పోవును. ఆ లేచుటను వేషధారణ అని ఎవడును అనడు.

అదే నియమావళి 13వ అధ్యాయములో నన్ను చాల దినములు ఆలోచింపజేసిన మాట ఒకటి కలదు. ఉదయ సాయంకాల ప్రార్థనల చివర పెద్ద ప్రభువు ప్రార్థనను అందరికి వినబడునట్లు పైకి పలుకవలెనని అచ్చట ఉన్నది. కారణము కూడ చెప్పబడినది: కలిసియుండువారి మధ్య కలహముల ముండ్లు మొలచును గనుక. మేము క్షమించినట్లు మమ్మును క్షమింపుమని రోజుకు రెండుసార్లు నోటితో ఒప్పందము చేసి, ఆ ముండ్లను ఏరుకొనవలెను. మఠములో పరిశుద్ధులుందురు, కలహములుండవు అని ఆయన తలంచలేదు. ముండ్లు మొలచుననియే నమ్మెను. రాత్రి మొలచినది తెల్లవారి, పగలు మొలచినది సాయంకాలము తీయవలెనని వేళ పెట్టెను.

ఇచ్చటనే నాకు ఒక కష్టమైన ప్రశ్న ఎదురాయెను. మత్తయి 5:23-24లో ప్రభువు, అర్పణమును విడిచి మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడుమని ఆజ్ఞాపించెను. ఇద్దరు సిస్టర్లు మధ్యాహ్నము బడిలో పోట్లాడుకొనిరనుకొనుడి. సాయంకాలము గంట మ్రోగెను. ఒకరి ముఖము ఒకరు చూడక, ఒకే బల్లమీద కూర్చుండి, ఒకే కీర్తన ఈ వరుస ఈమె, ఆ వరుస ఆమె చదివిరి. ఇది ప్రభువు మాటను మీరుట కాదా? "సమాధానపడని మనస్సుతో గుడికి రాను" అని ఇంటిలో కూర్చుండు మన విశ్వాసియే వారికంటె యథార్థవంతుడు కాడా? మన యౌవనస్థుని ప్రశ్నకు వేరు ఇదియే. మన పల్లెలలో ఎంతమంది ఈ వచనమును అడ్డుపెట్టుకొని బల్లకు దూరముగా ఏండ్ల తరబడి ఉన్నారో ప్రతి సంఘకాపరికి తెలియును.

ఆ వచనమును మెల్లగా చదివినయెడల ఒకటి కనబడును. అర్పణము తెచ్చినవాడు బలిపీఠము దగ్గరకు వచ్చియున్నాడు. అక్కడ, ఆ స్థలమున, అతనికి సహోదరుని సంగతి జ్ఞాపకము వచ్చినది. ఇంటిలో జ్ఞాపకము రాలేదు. పొలములో రాలేదు. ఇంకొక సంగతి: సహోదరుని మీద తనకున్న కోపము కాదు అతనికి జ్ఞాపకము వచ్చినది. తనమీద సహోదరునికి ఉన్న వ్యాజ్యము జ్ఞాపకము వచ్చినది. ఇంటిలో కూర్చున్నవానికి తనకు జరిగిన అన్యాయమే గుర్తుకు వచ్చును. దానిని తిరుగవేయుచు, చుట్టము వచ్చిన ప్రతిసారి చెప్పుచు, పాలకూరవలె నీరుపోసి పెంచుకొనును. ఎదుటివాని నొప్పి గుర్తుకు వచ్చు స్థలము వేరు. ఆ స్థలమునకు రానివానికి "విడిచి వెళ్లుము" అను ఆజ్ఞ ఎట్లు వర్తించును? విడుచుటకు వాని చేతిలో అర్పణమే లేదు.

అందుచేత నేను ఇట్లు తలంచుచున్నాను. మొగము ముడుచుకొని గంటకు వచ్చిన ఆ సిస్టరు, రాననినవానికంటె ఒక అడుగు ముందున్నది. ఆమె మనసులో ప్రేమ లేకపోవచ్చును. అయితే తన మనసుకంటె పెద్దదానికి తాను లోబడియున్నానని ఆమె కాళ్లు చెప్పుచున్నవి. అయితే ఒక అడుగే. ప్రభువు "వెళ్లుము" అనెను. రోజుకు అయిదుసార్లు ఒకే గదిలో కూర్చుండి, అయిదేండ్లు ఒకరితో ఒకరు మాటలాడకుండుట కూడ మనుష్యులకు సాధ్యమే. మఠములలోను ఇది జరుగదని వారు చెప్పరు. అప్పుడు ప్రార్థన ముండ్లను తీయు చేయి కాక, ముండ్లమీద కప్పిన దుప్పటి అగును. గంట మనుష్యుని గుడివరకు తీసికొనిపోగలదు. గుడిలోనుండి సహోదరుని గుమ్మమువరకు తీసికొనిపోవుట దానివలన కాదు.

గంటకు మరియొక అపాయము కలదు. దానిని మనకు చూపించినవాడు మార్టిన్ లూథరే. ఆయన 1505లో ఎర్ఫుర్టు పట్టణములోని అగస్టీను సన్యాసుల మఠములో చేరెను. ప్రతి దినము ఇన్ని వేళలకు ఇన్ని కీర్తనలు చదువవలెనని ఆయనకు విధి. తరువాత విట్టెన్‌బర్గులో బోధించుట, ప్రసంగించుట, వ్రాయుట ఎక్కువై వేళలు తప్పుచుండగా, ఆ బాకీలను కూడబెట్టి, శనివారము గది తలుపు మూసికొని, అన్నము నీళ్లు మాని అన్నియు ఒక్కసారి చదివి తీర్చెడివాడు. బాకీ వారములు దాటి నెలలాయెను. ఇంక తీరదని 1520 ప్రాంతమున దానిని పూర్తిగా విడిచిపెట్టెను. షావుకారు వద్ద వడ్డీ కట్టలేక పొలము వదలుకొనిన రైతువలె. ప్రార్థన దేవునికి చెల్లింపవలసిన అప్పు అయినప్పుడు మనిషికి ఊపిరి ఆడదని మన లూథరు తన దేహముతో నేర్చుకొనెను. కృపచేతనే రక్షణ అని ఆయన చెప్పిన మాట వెనుక ఆ శనివారములు కూడ ఉన్నవి.

అయితే కథలో సగమే మనము చెప్పుకొందుము. ఆ లూథరే 1535లో, ఎట్లు ప్రార్థింపవలెనని అడిగిన పేతురు అను మంగలివానికి ఒక చిన్న పుస్తకము వ్రాసి ఇచ్చెను. ఉదయము మొదటి పనిగా, రాత్రి చివరి పనిగా ప్రార్థన పెట్టుకొనుము, "ఇది కొంచెము చేసి ఒక గడియ తరువాత ప్రార్థింతును" అను తలంపు నిన్ను మోసపుచ్చునని హెచ్చరించెను. తన మనసు చల్లబడినప్పుడు తాను కీర్తనల పుస్తకము తీసికొని గదిలోనికో, కూడిక వేళ అయినయెడల జనులు కూడిన గుడిలోనికో పోయి, పది ఆజ్ఞలను విశ్వాసప్రమాణమును చిన్నపిల్లవానివలె మాట మాటగా పలుకుదునని చెప్పెను. మంగలివానికి తగిన ఉపమానము కూడ ఇచ్చెను: గడ్డము గీయువాడు కత్తిమీదనే కన్ను ఉంచవలెను గాని ముచ్చట్లలో పడినయెడల ఎదుటివాని ముక్కు తెగును. అప్పు చీటిని చింపివేసిన లూథరు వేళను చింపలేదు. మనము ఆయనలో మొదటి సగమునే వారసత్వముగా తీసికొంటిమేమో అని నాకు భయము.

రోగి కేక వేయుచుండగా గంట మ్రోగినయెడల ఏమి చేయవలెను? దీనిని వారు ఎప్పుడో ఆలోచించిరి. గంటను అంత హెచ్చించిన బెనెడిక్టే 36వ అధ్యాయములో రోగుల పరిచర్య అన్నిటికంటె ముందు అనెను. 1633లో ఫ్రాన్సు దేశములో లూయీస్ ద మరియాక్ అమ్మగారితో కలిసి బీదల సేవకు సిస్టర్ల సభను స్థాపించిన విన్సెంటు డి పాల్, ప్రార్థన మధ్యలో బీదవాడు పిలిచినయెడల లేచి పొమ్మని వారికి బోధించెను. అట్లు పోవుట దేవుని విడుచుట కాదు, దేవుని యొద్దనుండి దేవుని యొద్దకే పోవుట అని ఆయన భావము. మన యౌవనస్థుడు దవాఖానాలో చూచినది ఇదియే. సాయంకాలము గంట మ్రోగినప్పుడు ముగ్గురు సిస్టర్లు పోయిరి. ఒకామె మాత్రము రక్తము ఆగని బాలింత యొద్దనే నిలిచెను. పోయినవారు ఆమెను పిలువలేదు, ఆమె వారిని ఆపలేదు. ఆమె వంతు కూడ వారు ప్రార్థించుచున్నారు, వారి వంతు కూడ ఆమె పని చేయుచున్నది అని అతనికి తోచెనట. నిర్గమకాండము 17వ అధ్యాయములో యెహోషువ క్రింద యుద్ధము చేయుచుండగా కొండమీద మోషే చేతులను ఇద్దరు పట్టుకొనియుండుట నాకు జ్ఞాపకము వచ్చెను.

దీనికి తలక్రిందులైన తలంపు కూడ కలదు. కలకత్తాలో 1950లో మదర్ తెరీసా స్థాపించిన సభవారు, బీదల పని మోయలేనంత పెరిగిన తరువాత, 1973లో ప్రతి దినము ఒక గంట ఆరాధనను అదనముగా చేర్చుకొనిరి. పని ఎక్కువైనది గనుక ప్రార్థన తగ్గింతము అని మనము అందుము. వారు పెంచుకొనిరి. దివ్యసత్ప్రసాదము నెదుట వారు చేయు ఆ ఆరాధన విషయములో మన నమ్మకము వేరు. అయినను ఆ లెక్క మాత్రము ఆలోచింపదగినది.

వేళ పెట్టుకొని ప్రార్థించుట మఠముల సొత్తు కాదు. దానియేలు శత్రువుల రాజ్యములో రోజుకు మూడుసార్లు కిటికీలు తెరచి మోకరించెను. పునరుత్థానమును కన్నులార చూచి, పెంతెకొస్తు ఆత్మను పొందిన పేతురు యోహానులు కూడ ప్రార్థన కాలమున, పగలు మూడు గంటలకు, దేవాలయమునకు వెళ్లుచుండిరి. ఆత్మ పొందితిమి గనుక ఇంక వేళ ఎందుకని వారు అనలేదు. వేళకు వెళ్లుచుండగానే శృంగారమను ద్వారమునొద్ద కుంటివాడు వారికి కనబడెను.

మన మెట్ట పల్లెలలో మిషను దినములనాడు సాయంకాల ప్రార్థన ఉండెడిది. చేనునుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, లాంతరు చుట్టు కూర్చుండి, ఒక కీర్తన పాడి, ఉపదేశి ప్రార్థింపగా ఇండ్లకు పోయెడివారు. ఆ ఉపదేశులలో చాలమందికి పెద్ద చదువు లేదు. కాని వేళ ఉండెడిది. ఆనకట్టలకు కాలువలకు దేశమంతట పోయిన పాలమూరు కూలీలలో మనవారు ఎందరో కలరు. చీకటి పడినప్పుడు ఊరిలో ఫలాని చోట కూడుకొనియుందురని తలంచి, గుడిసెల మధ్య తామును కూడుకొనెడివారని పెద్దలు చెప్పగా వింటిని. నేడు మనకు మైకులు కలవు, పెద్ద కూటములు కలవు, ఫోనులో వాక్యము కలదు. సాయంకాలపు ఆ పావుగంట చాల ఊళ్లలో పోయినది. అది పోయినందువలన భక్తి తగ్గినదో లేదో నేను తూచలేను. కలహము ఏ దారిన పోవుచున్నదో మాత్రము చూచుచున్నాను. మఠములో ఇద్దరికి పడనప్పుడు సాయంకాలము ఒకే గదికి రాక తప్పదు. మనలో ఇద్దరు పెద్దలకు పడనప్పుడు ఒకరు రావడము మానును, మూడు నెలలకు ఫర్లాంగు దూరములో నాలుగు రేకులు వేసి మరియొక గుడి లేచును, దానికి మరింత పరిశుద్ధమైన పేరు పెట్టుదురు. ప్రమాణము లేదు, తాళము లేదు, పోవుటకు తలుపు ఎప్పుడును తెరచియే ఉన్నది. స్వాతంత్ర్యము మంచిదే. అయితే పోగలిగినవాడు ముండ్లు తీసికొను కష్టము పడడు.

మనము మఠములు కట్టనక్కరలేదు. ఆ పిలుపు మనకు లేదు, భార్యాబిడ్డలు పశువులు కలవారము. అయితే ఒక ఊరి సంఘము కూడ ఒకరినొకరు కోరుకొని చేరినవారిది కాదు. పుట్టినచోట పుట్టి, ప్రక్క గోడవానితో చచ్చువరకు ఉండవలసినవారము. ఆ విధముగా మనదియు ఒక మఠమే, గంట లేనిది.

మా ఊరి వాడలో పోయిన పంట కోతల తరువాత సాయంకాల ప్రార్థన మరల మొదలుపెట్టితిమి. వేపచెట్టుకు కట్టిన రైలు పట్టా ముక్కయే గంట. ప్రసంగము లేదు. ఒక కీర్తన, కొంత మౌనము, చివర అందరు కలిసి ప్రభువు ప్రార్థన పైకి పలుకుట, అంతే. పావుగంట దాటనియ్యము, అన్నము వండవలసిన స్త్రీలుందురు గనుక. బోరు నీళ్ల వంతు విషయమై రెండేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఇద్దరు కలరు. అన్న మొదటినుండి వచ్చుచున్నాడు. తమ్ముడు పదునైదు దినములు దూరమున అరుగుమీద కూర్చుండి చూచి, తరువాత వచ్చి గుమ్మము దగ్గర కూర్చుండెను. ప్రభువు ప్రార్థన అందరితోపాటు గట్టిగానే పలుకును. అనుదినాహారమువరకు అతని గొంతు నాకు స్పష్టముగా వినబడును. ఋణస్థులను క్షమించు మాట వచ్చినప్పుడు ఆగిపోవును. ఆ మాట దాటిన తరువాత మరల అందుకొనును. నేను అతనితో ఏమియు అనలేదు. అన్న ముందు వరుసలో కూర్చుండి తల త్రిప్పడు గాని, తమ్ముని గొంతు ఎక్కడ ఆగుచున్నదో అతనికిని తెలియుచున్నది. మరునాడు పట్టా ముక్క మ్రోగగానే ఇద్దరును వచ్చుదురు.